గంప వాడిక

కచేరీల్లో దుబాసీ ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్న పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. వచ్చి కాఫీ తాగి, నేను పెట్టిన అప్పడాలు తిని, చివర్లో ఒకటే మాట అంటున్నారు. "ఇంకెన్నాళ్లు నానీ ఈ ఉద్యోగం? ఫోనులో తెలుగు మాట పెడితే ఒడియా మాట వచ్చేస్తోంది కదా!" అని. గంజాంలో అక్కని నానీ అంటారు. బరంపురంలో పుట్టిన తెలుగుదాన్నే అయినా, కచేరీలో అడుగుపెట్టిన రోజు నుంచీ నేను అందరికీ నానీనే.

నాకూ ఫోనుంది నాయనా. మీకంటే నేనే ఎక్కువసేపు చూస్తానని మా కోడలి ఫిర్యాదు. మొన్న అందులో 'వాడుక' అని కొట్టి చూశాను. అలవాటు, ఆచారం, ఉపయోగం అని టకటకా చెప్పింది. ఒక్కటీ తప్పు కాదు. అయితే తప్పులేని ఆ అర్థాల్లో ఒకదాన్ని పట్టుకునే ఒక ఆడమనిషి ముందు నుంచి గంప లాగేయబోయారు. ఆ కథ చెప్తాను. విన్నాక ఉద్యోగం చేస్తారో మానేస్తారో మీ ఇష్టం.

ముందు నా పనేమిటో చెప్పాలి. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి, ఆంధ్రా సరిహద్దు ఊళ్ల నుంచి తెలుగువాళ్లు ఏదో తగువు మీద విచారణకి వస్తారు. బజారులో ఒడియా గడగడా మాట్లాడేవాళ్లే, అధికారి ఎదుట నిలబడేసరికి నాలుక తెలుగులోకి జారిపోతుంది. వాళ్లు చెప్పింది నేను ఒడియాలో చెప్పాలి, అధికారి అడిగింది తెలుగులో అడగాలి. ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క తీయకూడదు, సొంత అభిప్రాయం మొహంలో కూడా కనబడకూడదు. మా ఇంట్లో నన్ను వాగుడుకాయ అంటారు. అలాంటిదాన్ని దేవుడు తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు!

నా పక్క కుర్చీ మా బడబాబుది. అంటే హెడ్ గుమాస్తా. ఒడియా ఆయన, ఉత్తముడు, మధ్యాహ్నం పఖాళ, అదే నీళ్లు పోసిన చద్దన్నం, తిన్నాక మాత్రం పిలిస్తే పలకడు. ఆయనకొక గర్వం ఉండేది, తనకి తెలుగు వచ్చునని. చిన్నప్పుడు తెలుగువాళ్ల హోటల్లో ఇడ్లీలు తిన్న పుణ్యాన అబ్బిన తెలుగది. ఇడ్లీ అడగడానికి సరిపోతుంది, చట్నీ మళ్లీ వేయించుకోవడానికీ సరిపోతుంది. అంతకుమించి వాడితేనే ప్రమాదం.

మా మేనకోడలి పెళ్లికి నేను పర్లాకిమిడి వెళ్లినప్పుడు ఆయన అంతకుమించే వాడాడు.

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటుకి దక్షిణంగా ఒక చేపల పల్లె ఉంది. అక్కడ ఒడ్డున కొత్తగా సిమెంటు గట్టు కట్టారు. పడవలు ఒడ్డుకి వచ్చాక చేపల వేలంపాట ఆ గట్టు మీదే జరగాలన్నారు. పాట నడిపే హక్కు ఒక కాంట్రాక్టరుకి ఇచ్చారు. ఆయన వచ్చీరాగానే గట్టు చుట్టూ గొలుసు వేయించి, కొనేవాళ్లు తప్ప ఎవరూ లోపలికి రాకూడదన్నాడు. చేప పాటలోకి రాకముందు పడవలోంచి ఒక్కటి కూడా బయటికి పోకూడదన్నాడు. ఆయన లెక్కన అది క్రమశిక్షణ. చిక్కంతా ఏమిటంటే, ఆ గొలుసు సరిగ్గా గంపల వరస మీదుగా పోయింది.

వేటకి పోయి సముద్రంలోంచి తిరిగిరాని మగవాళ్ల భార్యలు ఆ ఊళ్లో కొందరున్నారు. పడవలు వచ్చే వేళకి వాళ్లు ఒడ్డున వరసగా గంపలు పెడతారు. దిగిన ప్రతి పడవవాడూ పాటకి ముందు దోసెడు చేపలు ఆ గంపల్లో వేసి మరీ పైకి నడవాలి. అవే వాళ్ల కూరా, వాళ్ల అమ్మకమూ, వాళ్ల బతుకూ. గొలుసు పడ్డాక గంపలు రోడ్డు మీదకి వచ్చాయి. రోడ్డు మీద గంపలో వేయడానికి పడవవాడి చేతిలో చేపలెక్కడివి? పాట అయిపోయాక చేప కొన్నవాడిది.

ఆ ఆడవాళ్ల తరఫున ఒకావిడ అర్జీ పెట్టింది. నడివయసు మనిషి, సన్నంగా, ఎండిన కొబ్బరి మట్టలా గట్టిగా ఉండేది. 'మా ఊరి వాడిక ప్రకారం గంప ఎట్టుకోనియ్యాలి' అని ఎవరిచేతో రాయించింది. వాడుకనే అక్కడ వాడిక అంటారు. నేను పెళ్లిలో లడ్డూలు వడ్డిస్తుంటే ఇక్కడ మా బడబాబు దాన్ని ఒడియాలోకి మార్చేసి, వాడిక అన్నచోట 'అభ్యాస' అని రాశాడు. ఒడియాలో అభ్యాస అంటే అలవాటు. గోళ్లు కొరుక్కునే అలవాటు, పగటినిద్ర అలవాటు లాంటిది.

నేను తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు వకీలు జవాబు కూడా దాఖలు చేసేశాడు. చేపలడగడం ఈ ఆడవాళ్లకి అలవాటైపోయిందని వాళ్ల అర్జీలోనే ఒప్పుకున్నారు, అలవాటు ఎవరికీ హక్కు ఇవ్వదు, ఇన్నాళ్లూ పడవవాళ్లు దయతలచి ఇచ్చారు, ఇప్పుడు చాలించాలి, ఇదీ దాని సారం. చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బడబాబూ, ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?"

"కణ హేలా నానీ? ఏమైందిప్పుడు? వాడుక అంటే అలవాటే కదా. మీరే అంటారుగా, వాడుక పాలు అని. రోజూ పోయించుకునే పాలు. రోజూ చేసేది అలవాటు కాక మరేమిటి?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేకపోయింది. వాడుక అంటే అలవాటు కాదని నాకు కడుపులో తెలుసు. నోటితో చెప్పమంటే రాలేదు. కాబట్టి, జవాబు లేనివాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. గట్టిగా అరిచాను. ఆయన అలిగి ఆ పూట పఖాళ కూడా తినలేదు.

మొదటి విచారణ జరిగింది. అధికారి సంబల్‌పూర్ వైపు కుర్రాడు, సముద్రం మొదటిసారి చూసి ఎంతో కాలం కాలేదు, తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ వినే ఓపిక ఉన్నవాడు. గంపావిడని నిలబెట్టారు. వకీలు అడగడం, నేను తెలుగులో చెప్పడం, ఆవిడ జవాబివ్వడం.

"మీకు చేపలివ్వాలని పడవవాళ్లని ఎప్పుడైనా అడిగారా?"

"నేదు బాబూ. నానెప్పుడూ అడగనేదు."

"మీకు రావాల్సిందని ఎవరికైనా చెప్పారా?"

"నానెందుకు సెప్తాను?"

"ఏ పడవ ఆయన ఎంత ఇచ్చేవాడు? పోనీ, ఎవరెవరు ఇచ్చేవారో చెప్పండి."

"అది నాకు తెలీదు బాబూ."

"రోజూ మీ గంపలో వేసినవాళ్లు ఎవరో మీకు తెలీదా?"

"తెలీదు. ఏసినోల్లు సల్లంగుండాలి."

నేను అక్షరం పొల్లుపోకుండా ఒడియాలో చెప్పాను. చెబుతుంటే నాలుక మీద నిప్పు పెట్టినట్టుంది. అధికారి మొహంలో అనుమానం కనిపించింది. రోజూ తీసుకునే మనిషి ఎవరిచ్చారో తెలీదంటే ఎవరు నమ్ముతారు? తర్వాత కాంట్రాక్టరు తరఫు సాక్షి వచ్చాడు. ఆ ఊరి పడవ యజమానే, భారీ మనిషి. "ఏ ఉద్దేశంతో ఇస్తారు? జాలితోనే కదా?" అని వకీలు అడిగితే నేల చూపులు చూస్తూ, "ఆఁ, జాలే బాబూ" అన్నాడు. వకీలు కాగితాలు సర్దుకుని చల్లగా నవ్వాడు. అధికారి తీర్పుకి మరో తేదీ వేశాడు. ఆ తేదీకి గొలుసు ఖాయమైపోతుందని గదిలో అందరికీ అర్థమైంది.

బయట టీ బడ్డీ దగ్గర ఆవిడ కనబడింది. దుబాసీ కక్షిదారుతో మాట్లాడకూడదన్నది మర్యాద. నా మర్యాద టీ బడ్డీ దాకా కూడా రాలేదు.

"ఏమమ్మా, అలా చెప్పావేం? అది మాది, మాకు రావాల్సిందే అనొచ్చు కదా? ఎవరిచ్చారో తెలీదంటే అబద్ధమనుకోరూ?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అడిగితే ముష్టి అయిపోద్ది గదమ్మా!"

"మరి ఎవరు వేశారో..."

"గంపెట్టేసి సంద్రానికి ఈపు పెట్టి నిలబడాల. సూడకూడదు. సూత్తే, ఈడు ఇంతేసినాడు, ఆడు అంతేసినాడు అని లెక్క అయిపోద్ది. ఏసినోడు సెప్పుకోకూడదు, ఎట్టుకున్నోల్లు అడక్కూడదు. అది మా వాడిక. నోరు తెరిసి అడిగిన గంపని ఆ మర్నాడు ఎవుడూ ముట్టడు. మరి నాకు తెలీందాన్ని తెలుసునని ఎలగ సెప్పమంతావు?"

ఈ మనిషి లోపల చెప్పిన ప్రతి మాటా నిజం. అడగలేదు, చెప్పలేదు, చూడలేదు. ఏ వాడుకని నిలబెట్టమని వచ్చిందో, దాన్ని అక్షరాలా పాటించి తన కేసు తనే పాడుచేసుకుంది. నోరు విప్పితే వాడుక పోతుంది, విప్పకపోతే గంప పోతుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు నా కష్టం వినండి. అసలు సంగతి నాకు తెలుసు. చెప్పడానికి మాత్రం లేదు. ఎవరూ అడక్కుండా దుబాసీ నోరు తెరిస్తే అది సాక్ష్యం అవదు, ఉద్యోగానికి ఎసరు అవుతుంది. ఇంటికెళ్లినా అదే ధ్యాస. కూరలో ఉప్పు మరిచిపోయాను, పాలు పొంగించాను. మా ఆయన ఓపిక పట్టి పట్టి, "పోనీ వెళ్లి ఆ బడబాబునే అడగరాదూ" అన్నాడు. ఆయనతో నాకు మాటలు లేవని మా ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు.

వెళ్లి చెప్పాను, మొత్తం. బడబాబు కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. కళ్లు తెరిచి, "నువ్వు చెప్పకూడదు. కానీ నిన్ను అడిగితే?" అన్నాడు.

"ఎవరడుగుతారు?"

"సారు. నా అనువాదం మీద నాకే అనుమానం ఉంది, ఫలానా మాటకి అర్థం దుబాసీని అడిగి తేల్చుకోవాలి అని నేను రాసిస్తే అడగక తప్పదు కదా."

నేను ఆయన మొహంలోకి చూశాను. తెలుగు వచ్చునన్నది ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క డాబు. ఈ కాగితం చూసి కచేరీ అంతా నవ్వుతుందని ఆయనకి తెలుసు. అయినా ఆ పూటే రాసిచ్చేశాడు. ఆయన మీద నేను అరిచినందుకు నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. మర్నాడు ఆయన కోసం మా ఇంటి నుంచి మాగాయ సీసా పట్టుకెళ్లాను. నోటితో క్షమాపణ చెప్పడం నాకు ఇప్పటికీ రాదు.

తీర్పు రోజు వచ్చింది. గది నిండిపోయింది. గంపల ఆడవాళ్లు గోడ వారగా నిలబడ్డారు, పల్లె మగవాళ్లు గుమ్మం దాకా నిండారు. అధికారి బడబాబు కాగితం చదివి నా వైపు తిరిగాడు.

"చెప్పండి నానీ. ఈ మాటకి సరైన అర్థం ఏమిటి?"

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇతరుల మాటలు చెప్పడమే తప్ప, నీ మాట చెప్పమని నన్నెవరూ అడగలేదు. నేను బాగానే తయారై వచ్చాను. మాకు తెలుగులో వాడుక పాలున్నాయి సార్, ఆ ఇంటికి పోయడం మానేస్తే పాలమనిషి ముందుగా చెప్పి మానేయాలి, అన్నాను. బారసాలనాడు పెట్టేది ఒక పేరు, ఇంట్లో పిలిచేది వాడుక పేరు, అన్నాను. జనం నోట నలిగిన మాటని వాడుకలో ఉన్న మాట అంటాం, అన్నాను. ఎంతో బాగా చెబుతున్నాననే అనుకున్నాను.

వకీలు లేచాడు. "నేనూ అదే అంటున్నాను. రోజూ చేసేది, చేస్తూ చేస్తూ పాతబడినది. దాన్నే అలవాటు అంటారు."

చూశారా, మళ్లీ అదే గోడకి వచ్చి గుద్దుకున్నాను. గోడ వారనున్న ఆడవాళ్ల వైపు చూశాను. అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు నాకు హఠాత్తుగా తోచింది, ఈ అర్థం నా దగ్గర వెతికితే దొరకదని. అది నా దగ్గర లేనే లేదు.

"సార్," అన్నాను, "నేను రోజూ పొద్దున్నే కాఫీ తాగుతాను. అది నా అలవాటు. ఒకరోజు మానేస్తే నాకు తలనొప్పి వస్తుంది, అంతే. ఎందుకు మానేశావని ఊళ్లో ఎవరూ నన్ను నిలదీయరు. వీళ్లది అలాంటిదో కాదో తేలాలంటే ఒకటే అడగాలి. గంపలో వేయని పడవకి ఏమవుతుంది? దానికి జవాబు నేను చెప్పకూడదు. వాళ్లనే అడగండి."

వకీలు అభ్యంతరం చెప్పాడు. దుబాసీ ప్రశ్నలు వేయడమేమిటన్నాడు. అధికారి చేయి ఎత్తి ఆపాడు. "ఆవిడ వేయడం లేదు. నేను వేస్తున్నాను" అని, కాంట్రాక్టరు సాక్షిని, ఆ భారీ మనిషినే, లేవమన్నాడు. "గంపలో చేపలు వేయకుండా ఎవరైనా వెళ్లారా? వెళితే ఏమైంది?"

నేను తెలుగులో అడిగాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం దగ్గర మగవాళ్లలో కదలిక మొదలైంది, ఎవరో దగ్గారు, ఎవరో మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. అతను వెనక్కి తిరిగి వాళ్లని ఒక చూపు చూసి, పెద్దగా నిట్టూర్చాడు.

"ఎవుడో ఎందుకు బాబూ? నానే."

నేను దాన్ని ఒడియాలో చెప్పేసరికి వకీలు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"కొత్తగా ఇంజిను పడవ కొన్నాను. కళ్లు నెత్తికెక్కినాయి. ఆ యేల బాగా పడినాది, కవ్వ సేపలు. ఈలకెందుకేయాల అనీసి గంపల ముంగటి నుంచే పైకెల్లిపోనాను. ఎవుడూ ఏటీ అననేదు. మర్నాడు ఏటకెల్లాల. మా ఒడ్డున పడవ నీట్లోకి దిగాలంతే ఊరంతా బుజం ఎయ్యాల బాబూ, ఇంజినున్నా ఇసక మీద అది నడవదు గదా. అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కడూ బుజం ఎయ్యనేదు. నానొక్కన్నే తోసినాను, తోసినాను, ఎంటిక వాసి కదల్నేదు. ఎవుడూ తిట్టనేదు కూడాను. తిడితే బాగున్ను! నా పెల్లాం ఇంటికెల్లి తలుపేసుకున్నాది."

"తర్వాత?"

"తర్వాతేటుంది? ఈలందరి గంపలూ నింపి, నా నెత్తి మీద నానే మోసి, ఇంటింటికీ అట్టికెల్లి దింపినాను. మగోడు గంప మోత్తే మా ఊల్లో పిల్లలు కూడా నవ్వుతారు. నవ్వినారు. ఆ మర్నాడు బుజాలేసినారు."

అంతవరకు ఆపుకున్న పల్లె మగవాళ్లు ఒక్కసారిగా నవ్వేశారు. అతనూ నవ్వాడు, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. నాకు ఆ నవ్వులకి ఒడియా చేయాల్సిన పని లేకపోయింది.

అధికారి కూడా నవ్వు దాచుకుని, "మరి మొన్న జాలితో ఇస్తామన్నారే?" అని అడిగాడు.

"మరేటనాల బాబూ? జాలేనా అని వకీలు బాబు అడిగినాడు, అవునన్నాను. నా పడవని ఊరు తొయ్యనేదు, అందుకు బయపడి ఏత్తన్నాను అని కచేరీలో సెప్పుకుంతానా?"

అధికారి గంపావిడ వైపు తిరిగాడు. గొంతు మెత్తబరిచి అడిగాడు. "అమ్మా, ఇది అడుక్కోవడం కాదు. నాకు తెలియక అడుగుతున్నాను. ఆ చేపలు మీకెందుకు వేస్తారు?"

నేను తెలుగులో చెప్పాను. ఆవిడ తల ఎత్తింది. మిగతా ఆడవాళ్ల వైపు చూసింది, పడవవాళ్ల వైపు చూసింది. ఇప్పుడూ నోరు విప్పకపోతే ఇంతదాకా వచ్చిందీ చేజారుతుందేమోనని భయమేసింది. అప్పుడావిడ చేసిన పని నా ఉద్యోగంలో ముందెన్నడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అధికారికీ, వకీలుకీ, గదిలో ఉన్న పడవవాళ్లందరికీ వీపు పెట్టి గోడ వైపు తిరిగి నిలబడింది. ఒడ్డున గంప దగ్గర నిలబడినట్టే.

"ఇదేమిటి, అధికారికి వీపు పెట్టి..." అని వకీలు అనబోతే, బడబాబు తన ఇడ్లీ తెలుగులోనే "ఉండండి, ఉండండి" అన్నాడు.

గోడకే చెప్పింది ఆవిడ.

"నా పెనిమిటి ఈ ఊల్లో ఉన్న పడవలన్నిటికీ బుజం ఏసినాడు. ఈ యెదవ పడవకి కూడాను. సంద్రం ఆన్ని అట్టికెల్లిపోనాది. ఆడేసిన బుజాన్ని అట్టికెల్లనేదు. ఆ గంపలో పడేది ఆడి బుజానికి. నాకు కాదు. నానెవులినీ ఏటీ అడగనేదు. ఇప్పుడూ అడగను."

ఒడియాలో చెప్పాలి కదా నేను. మొదటి వాక్యం చెప్పాను. రెండో దానికి ఏడుపొచ్చేసింది. కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. దుబాసీ ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు, నేను వెతికాను. చెప్పడం పూర్తయ్యేసరికి అధికారి కలం కింద పెట్టేశాడు. భారీ మనిషి, ఆ 'యెదవ పడవ' యజమాని, తల వంచుకుని నిలబడ్డాడు. వకీలు తన కాగితాలు కట్టేసుకున్నాడు.

అధికారి ఉత్తర్వు అప్పుడే చెప్పి రాయించాడు. గట్టు మీద గంపలకి చోటు వదలాలి, పాటకి ముందే చేపలు వేయనివ్వాలి, ఎవరూ అడ్డు రాకూడదు. బడబాబు టైపు చేస్తున్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి, "సార్, ఇక్కడ ఏమని కొట్టమంటారు? ప్రథా అననా, దస్తూరు అననా?" అని ఆచారానికి ఒడియాలో ఉన్న మాటలు వల్లించాడు.

అధికారి నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"వాళ్లు ఏమంటారో అదే కొట్టండి. ఒడియా అక్షరాల్లో. కింద ఆ పడవ సంగతి రాయండి, అర్థం అందులో ఉంది" అన్నాడు అధికారి.

అలా వాడిక అన్న మాట ఒడియా లిపిలో ఉత్తర్వులోకి ఎక్కింది. బడబాబు దాన్ని కొట్టేటప్పుడు ఒక్కో అక్షరం పైకి చదివి నాకు వినిపించి, తప్పు లేదని నా చేత అనిపించుకుని మరీ కొట్టాడు. బయటికి వచ్చాక కాంట్రాక్టరు మా ఇద్దరి దగ్గరికి వచ్చి, "ఈ సంగతి మొదటి రోజే నాతో చెప్పి ఉంటే గొలుసు పక్కకి జరిపేవాణ్ని కదా" అన్నాడు. పాపం, నిజంగానే అన్నాడు. "ఎలా చెప్తారు బాబూ" అని మేమిద్దరం ఒకేసారి అన్నాం.

మరుసటి ఆదివారం బడబాబూ నేనూ బస్సెక్కి ఆ పల్లెకి వెళ్లాం. ఎవరూ పిలవలేదు. గెలిచిన కేసు కళ్లారా చూసుకోవాలని నా దుగ్ధ, అంతే. ఎండ ఇంకా ఎక్కలేదు. గొలుసు తీసేసి గట్టు మీద ఒక వార ఖాళీగా ఉంచారు. ఆడవాళ్లు వచ్చి గంపలు దించి, సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు కేసి తిరిగి నిలబడ్డారు. మా గంపావిడ వరసలో మొదట ఉంది. నన్ను చూసింది, గుర్తుపట్టింది, పలకరించలేదు. నేనేమో ఆవిడ వచ్చి నా చేతులు పట్టుకుంటుందని బస్సులో అంతసేపూ ఊహించుకుంటూ వచ్చాను.

మొదటి పడవ ఆ భారీ మనిషిదే. దిగాడు. రెండు చేతులా కవ్వలు తోడుకుని, అలలోంచి అలాగే తడికాళ్లతో నడిచి వచ్చి ఆవిడ గంపలో వేశాడు. వెండి ముక్కల్లా చేపలు గంపలో ఎగిరిపడ్డాయి. తర్వాత పక్క గంపలో, ఆ తర్వాత దాని పక్క గంపలో. కాంట్రాక్టరు మనుషులు తప్పుకుని దారి ఇచ్చారు. ఒక్కరూ మాట్లాడలేదు. వేసినవాడు వాళ్ల మొహాలు చూడలేదు, వాళ్లు వేసినవాడి మొహం చూడలేదు.

నాకు ఆగలేదు. ఇన్నాళ్లూ కుర్చీలో నోరు కట్టుకుని కూర్చున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టేశాను, గట్టిగా, పిచ్చిదానిలా. బడబాబు నా కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఒడ్డంతా నా వైపు తిరిగింది.

ఆవిడ మాత్రం మెడ తిప్పలేదు. నిలబడిన చోటు నుంచే నాకు మాత్రమే వినిపించేటట్టు అంది.

"ఊరుకో తల్లీ. ఎనకింకా పడవలొత్తన్నాయి."